కంచెకు కాపరి యెవరు?

కంచెయే చేను మేసిన కాపు ఎవరితో మొరపెట్టుకొనునని మన పెద్దలు ఏనాడో యడిగిరి. పశువు పడిన తోలవచ్చును. దొంగ దూరిన పట్టవచ్చును. కాని కాపుదలకై నాటిన కంచెయే పైరును మ్రింగుచుండ చేనివాడు ఎవరిని పట్టవలెను? జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల అడవులను, ఏళ్లను, చెరువులను తలచుకొన్నప్పుడెల్ల ఈ ప్రశ్నయే మా మనస్సున మెదలుచున్నది.

మనకు చట్టములు తక్కువ లేవు. వన్యప్రాణుల రక్షణకు 1972లో, నీటి కాలుష్యమును అరికట్టుటకు 1974లో, అడవులు అన్యాక్రాంతము గాకుండుటకు 1980లో, గాలి శుభ్రతకు 1981లో చట్టములు పుట్టినవి. భోపాలు నగరమున 1984 డిసెంబరులో విషవాయువు వేలకొలది ప్రజలను పొట్టబెట్టుకొనిన తరువాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. భూగర్భజలమును, చెట్లను, ఇసుకను కాపాడుటకై 2002లో వాల్టా చట్టమును, అడవిబిడ్డల హక్కులకై 2006లో వేరొక చట్టమును వెలసినవి. పర్యావరణమును, అడవులను, వన్యప్రాణులను రక్షించుట రాజ్యము యొక్క కర్తవ్యమని 1976లోనే రాజ్యాంగమునందు 48-ఏ అధికరణము చేరినది. ఇన్ని కంచెలు చుట్టును నిలిచియుండ చేను ఏల తరుగుచున్నది? మా యుత్తరమిది: చట్టములు చేసిన సభలు ఆ చట్టములు నడచినవా లేదా యని తిరిగి చూచుట మరచినవి. కంచె నాటుటతో తమ పని తీరెనని తలచినవి.

దూరపు దృష్టాంతములు మన కక్కరలేదు. భూపాలపల్లి జిల్లాలోని కొంపల్లి గ్రామమునకు పోవుదము. అచ్చట రక్షితారణ్యముగా ప్రకటింపబడిన సుమారు 106 ఎకరముల నేల తనదని ఒక ప్రైవేటు కక్షిదారు వ్యాజ్యము నడపెను. రాష్ట్రోన్నత న్యాయస్థానము 2018లో అది అడవియేయని చెప్పినది. 2021లో పునర్విచారణ పేర ఆ తీర్పు తలక్రిందులైనది. ఈ నడుమ చిత్రమైన సంగతి యొకటి జరిగినది. అడవి మాదని అటవీశాఖవారు వాదించుచుండగా, అదే ప్రభుత్వమునకు చెందిన ఇతర అధికారులు ఎదిరి పక్షమునకు అనుకూలమగు ప్రమాణపత్రములు దాఖలు చేసిరి. ఒక చేయి కట్టిన గట్టును రెండవ చేయి త్రవ్వినది. తుదకు 2024 ఏప్రిలు 18వ తేదీన సుప్రీముకోర్టులో న్యాయమూర్తులు సుందరేశ్, భట్టి గారల ధర్మాసనము 2018 నాటి తీర్పును మరల నిలబెట్టినది. ప్రభుత్వమునకును, ఎదిరి పక్షమునకును చెరి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించినది. కుమ్మక్కుతో ప్రమాణపత్రములు దాఖలు చేసిన అధికారుల లోపములను విచారించుటకు ప్రభుత్వమునకు స్వేచ్ఛ యిచ్చినది.

అడవి దక్కినది, సంతోషము. కాని ఆ 5 లక్షలును ఎవరి ధనము? పన్ను కట్టిన ప్రజలది. అడవి ప్రజలది, జరిమానా ప్రజలది. తప్పు మాత్రము అధికారులది. ఆ యధికారులపై విచారణ యేమాయెనని ప్రభుత్వము నడుగవలసినవారెవరు? న్యాయస్థానము తన యెదుటకు వచ్చిన వ్యాజ్యమును తీర్చి కాగితములు కట్టిపెట్టును. అడుగవలసినది శాసనసభ. ఒక కొంపల్లి సుప్రీముకోర్టు దాక పోయినది. పోలేని కొంపల్లులు ఎన్నియో!

అదే జిల్లాలో గోదావరి యొడ్డునకు నడచుదము. మేడిగడ్డ యొద్ద కాళేశ్వర ప్రాజెక్టునకు 2016 మే 2వ తేదీన శంకుస్థాపన జరిగినది. అట్టి పనికి పర్యావరణానుమతి ముందుగా పొంది పిదప పార పట్టవలెనని చట్టము. ఇచ్చట అనుమతి వచ్చినది 2017 డిసెంబరులో. ఆ పథకమునకై మూడు వేల హెక్టేరులకు పైబడి అడవిని మళ్లించిరి. పని చాలవరకు సాగిన తరువాత పుచ్చుకొనిన ఈ యనుమతి చట్టమునకు విరుద్ధమని జాతీయ హరిత ధర్మాసనము 2020 అక్టోబరు 20వ తేదీన నిర్ణయించి, కలిగిన నష్టమును లెక్కకట్టుటకు నిపుణుల సంఘమును వేయుమన్నది. అప్పటికి ప్రాజెక్టు ప్రారంభోత్సవము జరిగి యేడాది దాటినది. పెండ్లి యైన పిదప ముహూర్తము చూచినట్లాయెను గదా! 2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు క్రుంగినవి. కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు గారి నివేదిక 2024 ఫిబ్రవరి 15న శాసనసభ ముందునకు వచ్చినది. అంతట ధనము మాటయు, స్తంభముల మాటయు రాష్ట్రమంతట మ్రోగెను. ఆ చర్చ అవసరమే, మేము కాదనము. కాని 2016లో, అనుమతి లేకుండ పని యెట్లు సాగుచున్నదని సభ పట్టుపట్టి అడిగి, ఉత్తరము వచ్చువరకు వదలకుండినయెడల ఎంత మేలు కలిగియుండెడిది! ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వుట పర్యవేక్షణ యనిపించుకొనదు.

ఇంక బొగ్గును, పొగను చూతము. భూపాలపల్లి గనులు సింగరేణి కంపెనీవి. ఆ కంపెనీలో నూటికి 51 పాళ్లు రాష్ట్ర ప్రభుత్వముది, 49 పాళ్లు కేంద్ర ప్రభుత్వముది. చెల్పూరు కాకతీయ విద్యుత్కేంద్రము, 500 మెగావాట్ల యంత్రమొకటి, 600 మెగావాట్ల యంత్రమొకటి కలిగి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ క్రింద నడచుచున్నది. ఆనకట్ట కట్టినది ప్రభుత్వము. అడవి ప్రభుత్వముది. వీనియన్నిటిపై కన్నువేసి యుండవలసిన కాలుష్య నియంత్రణ మండలియు ప్రభుత్వము నియమించినదే. త్రవ్వువాడు, కాల్చువాడు, కట్టువాడు, కాపువాడు అందరును ఒక్క ఇంటివారే! ఇందు ఏ యొక్క యధికారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారిలో నిజాయితీపరులు ఎందరో కలరు. కాని అన్న చేసిన తప్పునకు తమ్ముని తీర్పరిగా కూర్చుండబెట్టిన, తమ్ముడెంత ధర్మాత్ముడైనను లోకము నమ్మదు. అతని చేతులును ఆడవు. ఇట్టి చోట ఇంటి పెద్ద లేచి లెక్క యడుగవలెను. ప్రజారాజ్యమున ఇంటి పెద్ద శాసనసభ.

ఇది మేము కల్పించిన ధర్మము కాదు. చట్టములో వ్రాసిన ధర్మము. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టము 39వ సెక్షను చదువుడు. రాష్ట్ర మండలి ప్రతి సంవత్సరము తాను చేసిన పనుల నివేదికను సిద్ధపరచి ప్రభుత్వమున కీయవలెను; ఆర్థిక సంవత్సరము ముగిసిన తొమ్మిది నెలల లోపల, అనగా డిసెంబరు 31 లోపల, ప్రభుత్వము దానిని శాసనసభ ముందుంచి తీరవలెను. మండలి జమాఖర్చుల ఆడిటు నివేదికయు సభకు రావలెనని 40వ సెక్షను చెప్పుచున్నది. 1981 నాటి గాలి చట్టమునను ఇట్టి యేర్పాటే కలదు. 1986 నాటి చట్టము క్రింద కేంద్రమువారు చేయు నియమములు పార్లమెంటు ఉభయసభల యెదుట ముప్పది దినములుండవలెననియు, వానిని మార్చుటకు, కొట్టివేయుటకు సభల కధికారము కలదనియు 26వ సెక్షను చెప్పుచున్నది.

ఈ యధికారముల విలువ యెంతటిదో చెల్పూరు పొగగొట్టమే చెప్పగలదు. బొగ్గు విద్యుత్కేంద్రముల పొగలోని గంధకమును కడిగి తీసివేయు యంత్రములు అమర్చుకొనక తప్పని కొలతలను కేంద్ర ప్రభుత్వము 2015 డిసెంబరు 7న ప్రకటించి, రెండేండ్లు గడువిచ్చినది. ఆ రెండేండ్లు ఏడేండ్లాయెను. ఏడేండ్లు ఇంకను సాగినవి. గడువుపై గడువు పొడిగించి పొడిగించి, 2025 జూలైలో దేశమందలి విద్యుత్కేంద్రములలో ఎక్కువపాలింటికి ఆ బాధ్యతయే తొలగించిరి. అట్లు తొలగించుట సబబని వాదించువారును కలరు. ఆ వాదమును సభలో వినవచ్చును. కాని ప్రజల ఊపిరికి సంబంధించిన ఇంత పెద్ద మార్పు పదేండ్ల పొడవునను ప్రకటనల మీద ప్రకటనలుగా గెజెటులో సాగిపోవుట యేమి మర్యాద? సభ్యులు చేతిలోని ఖడ్గమును ఒరలోనే తుప్పు పట్టనిచ్చి, శత్రువు బలవంతుడని వగచుట వింత.

చట్టమును గట్టిగా అమలు జరుపుటయనగా లాఠీని గట్టిగా పట్టుటయని ఎవ్వరును పొరబడకుందురు గాక. మహబూబాబాదు జిల్లా పోడు పల్లెలలో ఈ పొరబాటు ఎంత కీడు చేసినదో మన మెరుగుదుము. అడవిని నమ్ముకొని బ్రదుకు కోయ, లంబాడీ కుటుంబములకు హక్కుపత్రము లీయవలెనని 2006 చట్టము ఆజ్ఞాపించినది. తెలంగాణమున 2023 జూన్ 30వ తేదీన ప్రభుత్వము సుమారు 1,51,000 మందికి 4,06,000 ఎకరములపై పోడు పట్టాల పంపిణీ నారంభించినది. చట్టము పుట్టిన పదునేడేండ్లకు ఇంతమంది మిగిలియుండిరన్న, నడుమ గడచిన కాలమంతయు ఏమి జరిగినట్లు? హక్కు తేలనినాడు పోడు రైతు దొంగవలె బ్రదుకును. అటవీ ఉద్యోగి పగవానివలె కనబడును. 2022 నవంబరులో పొరుగున నున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక అటవీ క్షేత్రాధికారి పోడు తగాదాలో ప్రాణములు గోల్పోయెను. పచ్చని యడవిలో బీదవాడును, చిన్న యుద్యోగియు ఒకరి నొకరు చంపుకొనవలసిన గతి పట్టుటకు కారణము హైదరాబాదులోని కదలని దస్త్రములే యని మా నమ్మకము. అడవిని కాచు చట్టమును, అడవిబిడ్డను కాచు చట్టమును రెండును శాసనములే. రెండింటి లెక్కయు ఒకే చిట్టాలో సభ చూడవలెను. ఒకటి చూచి రెండవది విడిచిన అది పర్యవేక్షణ కాదు, పక్షపాతము.

జనగామవారు తమకు అడవి లేదు గనుక ఈ గొడవ తమది కాదని యనుకొనరాదు. మెరక నేల, కొరత వాన గల ఆ సీమకు చెరువే ప్రాణము, బావియే ఆధారము. హైదరాబాదు, వరంగల్లు నడుమ రాచబాటపై నుండుటచేత నేల ధర పెరిగిన కొలది శిఖము భూముల మీద ఆశ పెరుగును. బోరు ఎచ్చట వేయవచ్చును, చెట్టు ఎవరి యనుమతితో కొట్టవచ్చును, ఇసుక ఎచ్చట తీయరాదు అను ప్రశ్నలకెల్ల వాల్టా చట్టమున ఉత్తరములు కలవు. మండలమునకు ఎన్ని అనుమతులిచ్చిరి, ఎన్ని తప్పులు పట్టిరి, ఎన్నింటికి శిక్ష పడినది అను మూడు ప్రశ్నలను ఒక్క సభ్యుడు ప్రశ్నోత్తర సమయమున అడిగినచాలును. ఆ చట్టము బ్రదికియున్నదో లేదో తేటతెల్లమగును.

సభ్యులు నిపుణులు కారు, రసాయనముల సంగతి వారి కేమి తెలియునని కొందరందురు. ఇంటి యజమాని వంటవాడు కానక్కరలేదు; అన్నము ఉడికినదో లేదో చెప్పగలిగిన చాలును. నిపుణుల సాయము కావలసిన తెచ్చుకొనవచ్చును. న్యూజిలాండు దేశమువారు 1986 చట్టము ద్వారా పర్యావరణ విషయములకై పార్లమెంటునకే బాధ్యుడగు కమిషనరు నేర్పరచుకొనిరి. అతడు మంత్రులకు జవాబుదారి కాడు; సభకే నివేదించును. ఇంగ్లండున కామన్స్ సభలో పర్యావరణ తనిఖీ సంఘము 1997లో ఏర్పడి, ఏ శాఖ యేమి చేసినదని మంత్రులను పిలిపించి యడుగుచున్నది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశమునను వన్యప్రాణి, పర్యావరణ రక్షణకై శాసనసభ్యుల సంఘము ఉండెడిది. ప్రజాపద్దుల సంఘము, ప్రభుత్వ సంస్థల సంఘము, అర్జీల సంఘము, హామీల సంఘము అను సాధనములు మనకు కొత్తవి కావు. ఉన్నవానిని వాడుటయే కొత్త.

ఇంకొక యాక్షేపణ దీనికంటె బరువైనది. పాలకపక్ష సభ్యుడు తన మంత్రినే ఎట్లు నిలదీయును? నిజమే, ఇది కష్టము. అందుచేతనే ప్రజాపద్దుల సంఘాధ్యక్ష పీఠము ప్రతిపక్షమునకు చెందవలెనను సంప్రదాయము పుట్టినది. 2024 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభలో ఆ పీఠమునకై కలిగిన కలహమును పాఠకులు మరచియుండరు. అంతకు పూర్వపు ప్రభుత్వకాలమునను కొంతకాలము అది ప్రభుత్వముతో స్నేహముగా నున్న పక్షము చేతిలోనే యుండెను. గద్దెపై నున్నప్పుడు లెక్క చూపుటకు వెనుకాడుట, గద్దె దిగినప్పుడు లెక్క కోరి కేకలు వేయుట ఏ యొక్క పక్షపు సొత్తును కాదు. కావుననే ఈ పని పక్షముల దయకు విడువరాదు. ప్రజలు పూని చేయించవలెను.

మేము కోరునవి పెద్ద వరములు కావు. కాలుష్య నియంత్రణ మండలి వార్షిక నివేదికను, ఆడిటు నివేదికను ఏటేట డిసెంబరు 31 లోపల సభ ముందుంచి, దానిపై ఒక పూర్తి దినము చర్చ జరుపవలెను. కొంపల్లి వ్యవహారమున అధికారులపై విచారణ ఎంతవరకు వచ్చినదో మంత్రిగారు సభకు నివేదించవలెను. శాసనసభ్యుల సంఘమొకటి భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామలలో ఒక్కొక్క దినము బహిరంగముగా కూర్చుండి, గని ప్రక్క పల్లెవాని మాట, పోడు రైతు మాట, చెరువు క్రింది ఆయకట్టుదారు మాట, అటవీ ఉద్యోగి మాట వినవలెను. పర్యావరణానుమతి పొందిన ప్రతి సంస్థయు షరతులు పాటించిన తీరును ఆరు నెలల కొకమారు నివేదించవలెనను నియమము 2006 నుండి కలదు. ఆ నివేదికలు తెలుగున అచ్చై, ఆ చుట్టుపట్ల గ్రామ పంచాయతి కచేరీలలోను, గ్రంథాలయములలోను ఉండవలెను. తాను పీల్చు గాలిని గూర్చిన కాగితము తన భాషలో లేనినాడు పౌరుడు దేని నడుగగలడు?

జనగామ, ఘనపురం, పాలకుర్తి, మహబూబాబాదు, డోర్నకల్లు, భూపాలపల్లి నియోజకవర్గముల సభ్యులారును, మన మండలములు కొన్ని చేరియున్న ములుగు, ఇల్లెందు, మంథని సభ్యులును పక్షభేదము మాని ఈ నాలుగు కోరికల కొరకు ఒక్కమారు నోరు విప్పినచో, 119 మంది గల సభలో ఆ కంఠము వినబడకపోదు.

నిజాము కాలమున అడవి చట్టములు ప్రజల నడుగకుండ పుట్టెడివి. వానిని ప్రశ్నించుటకు సభ లేదు. ప్రశ్నించిన కొమురం భీము 1940లో తుపాకి గుండ్లకు నేలకొరిగెను. దేశముఖుల దౌర్జన్యము నెదిరించి 1946 జూలై 4న కడవెండి వీధిలో దొడ్డి కొమరయ్య ప్రాణము లర్పించెను. ఆ కడవెండి నేడు జనగామ జిల్లాలోనిదే. అడుగుటకు సభ లేనినాడు ప్రాణమొడ్డి అడిగిన ప్రజలము మనము. నేడు సభ కలదు, సభ్యుడు కలడు, ఓటు కలదు, చట్టములో వ్రాసిన తేదీ కూడ కలదు. అడుగుటకు మాత్రము నోరు రాకున్న ఆ చచ్చినవారికి మనమేమి సమాధానము చెప్పగలము?

హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును నిలుపుకొనిన సీమ యిది. పత్రిక చదివి మడిచి పెట్టి లేచిపోవుటకై పెద్దలు పఠనమందిరములను కట్టలేదు. ఈ వ్యాసము చదివిన పదుగురు కూర్చుండి తమ సభ్యునికి ఒక్క కార్డు వ్రాయుడు. అందు ఒక్క ప్రశ్నయే యుండునుగాక: "అయ్యా, ఈ యేటి కాలుష్య మండలి నివేదికను మీరు సభలో చూచితిరా? చూచి ఏమి యడిగితిరి?" ఉత్తరము వచ్చిన దానిని పఠనమందిరపు గోడపై అంటింపుడు. రాకున్న, రాలేదని వ్రాసి అంటింపుడు. కంచెకు కాపరి సభ. సభకు కాపరి ప్రజ. ఆ కాపరి నిదురించినంతకాలము కంచె చేను మేయుచునే యుండును.